పదకొండు ఎక్కిళ్ళు

జూన్ 11

శ్రుతిపెట్టెకు,

మూడు నెలల పిల్లవై ఉండగా ఒకే స్వరం మీద రోజంతా ఏడ్చినందుకు నాన్నగారు నీకు పెట్టిన పేరు ఇది. నలభై ఏడేళ్ళు వచ్చాయి కదా, ఇకనైనా మారుస్తానని ఆశపడకు.

ఆదివారం పొద్దున బండికి మా మువ్వ వస్తోంది. కాలేజీ మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దగ్గర కాబట్టి పంపుతున్నాను తప్ప, నీ పెంపకం మీద గురి కుదిరి కాదు. అది స్టూడియో గడప తొక్కకూడదు. దాని చెవిన సినిమా పాట పడకూడదు. మీ ఇంట్లో ఆ మాట, వంటింట్లో పొగ రాకూడదు అన్నట్టుంటుందని తెలుసు. అయినా పడకూడదు. నాన్నగారు మనిద్దరికీ ఒకే చాప మీద ఒకే పాఠం చెప్పారు. అక్కణ్ణుంచి లేచి నేను కచేరీ వేదిక ఎక్కాను. నువ్వేమో సినిమా పాటల్లో పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబడి, హీరోయిన్ వెనకాల "ఆ ఆ ఆ" అంటున్నావు. మా పిల్ల ఎటు వెళ్ళాలో నేను నిర్ణయించుకున్నాను.

దాని గొంతుకు కొంచెం విశ్రాంతి కావాలి. ఏడు నెలలుగా పాడటం లేదు. వైద్యుడికి చూపించాను, గొంతులో ఏ దోషమూ లేదన్నాడు. ప్రశ్నలు వేసి విసిగించకు.

బావగారిని తబలా కాస్త మెల్లగా వాయించమను. పిల్ల చదువుకోవాలి.

మీ అన్నయ్య


జూన్ 22

అన్నయ్యకు, ఆ ఒకే చాప మీద నా వాటా కూడా లాక్కుని కూర్చున్న మహానుభావుడికి,

మువ్వ క్షేమంగా చేరింది. నీ ఉత్తరం మీ బావకు గట్టిగా చదివి వినిపించాను. "మెల్లగా వాయిస్తే రికార్డింగు నుంచి నన్ను కూడా మెల్లగా పంపించేస్తారు" అన్నాడు. అయినా నీ మీద గౌరవం కొద్దీ తబలా మీద దుప్పటి కప్పి వాయిస్తున్నాడు. వినేవాళ్ళకి మా ఇంట్లో ఎవరో పొద్దస్తమానం పరుపు దులుపుతున్నట్టుంది. పై వాటా ఆవిడ దిగి వచ్చి, "ఇంత శుభ్రం దేనికండీ, చుట్టాలొస్తున్నారా?" అని అడిగి వెళ్ళింది.

ఇక పిల్ల సంగతి. తినమంటే తింటుంది, చదవమంటే చదువుతుంది. గిన్నె మీద మూత జారి పడితే ఆ మోత ఏ స్వరమో మనింట్లో పుట్టిన ఏ పిల్లయినా ఠక్కున చెప్పేస్తుంది. దానికి నాలుగేళ్ళప్పుడు మీ ఇంటికొస్తే, నా తుమ్ము ఏ స్వరమో చెప్పి నన్ను చంపింది, గుర్తుందా? నిన్న వంటింట్లో మూత పడింది. నేనే పడేశాను, కావాలని. దాని పెదవి కదిలింది. వెంటనే బిగించేసుకుని, మూత తీసి కడిగి, బోర్లించి వెళ్ళిపోయింది.

గొంతులో ఏమీ లేదని వైద్యుడన్నాడని నువ్వే రాశావు. గొంతులో లేనిది ఇంకెక్కడో ఉండాలి. ఏం చేశావు అన్నయ్యా?

శ్రుతిపెట్టె


జూలై 3

శ్రుతిపెట్టెకు,

ఎక్కడ ఏం పగిలినా "ఏం చేశావు అన్నయ్యా" అనడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య.

నేనేమీ చేయలేదు. పోయిన చలికాలం ఇక్కడి సభలో నా కచేరీ. మువ్వ నా వెనక కూర్చుని పాడుతోంది. ఒకచోట ఎత్తుగడ తప్పింది. తాళానికి అరక్షరం ఆలస్యంగా అందుకుంది. అరక్షరమే కదా అని నువ్వు అంటావు, అందుకే నువ్వు గుంపులో ఉన్నావు. నేను గురువుగా సరిదిద్దాను. నాన్నగారు మనల్ని సరిదిద్దలేదా? మనం నోళ్ళు కట్టేసుకున్నామా? ఈ కాలం పిల్లలు పువ్వులు. ముట్టుకుంటే రేకులు రాలుస్తారు.

పొద్దున్నే లేపు. పాడకపోయినా తంబురా మీటమను.

మీ అన్నయ్య

(అంచు మీద, చిన్న అక్షరాలతో) మరదలా, ఈయన స్నానానికెళ్ళారు. కవరు అంటించేలోగా రాస్తున్నా. సరిదిద్దడమంటే, మూడొందల మంది ముందు పాట ఆపేసి, "తాళం తెలియకపోతే ఇంట్లో కూర్చో" అన్నారు. పిల్ల చెప్పిన మాట విన్నట్టు ఇంట్లోనే కూర్చుంది. నోరు విప్పలేదు. నేను రాశానని చెప్పకు. నీళ్ళ చప్పుడు ఆగింది. ఉంటా. వదిన.


జూలై 20

అన్నయ్యకు,

నీ ఉత్తరం అంచు దాకా చదివాను. అసలు అంచే చాలా బాగుంది.

ఎక్కువ రాసే తీరిక లేదు. నిన్న మువ్వని వెంటబెట్టుకుని బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ఎక్కడికని అడగకు. పొద్దున తొమ్మిదింటికి మొదలైన ఎక్కిళ్ళు మధ్యాహ్నం మూడైతే గానీ పూర్తి కాలేదు. పెద్దపెద్దవాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తూ ఉండిపోయారు. ఒకాయనైతే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాడు. ఇంటికొచ్చి, రెండోసారి వడ్డించుకుని మరీ తిని, హాయిగా పడుకుంది. మిగతాది తర్వాత.

శ్రుతిపెట్టె


జూలై 26

చెల్లాయికి,

నీ ఉత్తరం చేరింది. మీ వదిన రెండో పంక్తి దగ్గరే కూలబడింది. ఆరు గంటల పాటు ఎక్కిళ్ళా? అంతమంది వైద్యులు చుట్టూ నిలబడి చూస్తూ ఉండటమేంటి, మందు వేయకుండా? చేతులెత్తి దండం పెట్టిన ఆయన పెద్ద డాక్టరా? "ఇక మా చేతుల్లో లేదు, దేవుడే దిక్కు" అన్నాడా? ఇంత భయంకరమైన విషయం రాస్తూ "అంచు బాగుంది" అని నా దస్తూరీని మెచ్చుకోవడానికి నీకు మనసెలా వచ్చింది?

మా మృదంగం మాస్టారు నీకు తెలుసు కదా, ఇరవై ఏళ్ళుగా నా పక్కన వాయిస్తున్నాడు. ఎక్కిళ్ళకి ఒకటే మందు, వెనక నుంచి వెళ్ళి జడిపించాలి అన్నాడు. బావగారిని తబలా మీద దుప్పటి తీసేసి, పిల్ల ఆదమరచి ఉన్నప్పుడు ఒక్కసారి గట్టిగా వాయించమను. పంచదార నోట్లో వేసి చప్పరించమను. ముక్కు మూసుకుని ఏడు గుక్కల నీళ్ళు తాగాలిట. ఎనిమిది తాగితే తిరగబెడుతుందిట, లెక్క జాగ్రత్త.

ఒప్పుకున్న కచేరీ ఒకటి ఉంది, అది కాగానే పై వారం శుక్రవారం బయల్దేరి వస్తున్నాను.

అన్నయ్య


జూలై 31

అన్నయ్యా, రావద్దు!

ఎక్కిళ్ళు లేవు. పూర్తిగా నయం. నీ మందు చదివి మీ బావ చెప్పినట్టే చేశాడు. మువ్వ నిమ్మళంగానే ఉంది. నా చేతిలో పాలగిన్నె మాత్రం నేల పాలయింది, పై వాటా ఆవిడ మళ్ళీ దిగి వచ్చింది.

వైద్యులూ లేరు, ఆస్పత్రీ లేదు. చేతులెత్తినాయన సంతోషం పట్టలేక ఎత్తాడు. అంతకంటే ఇప్పుడు చెప్పలేను. చెప్తే నువ్వు శుక్రవారం దాకా కూడా ఆగవు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నాకు మొట్టమొదటి సినిమా పాట నేర్పింది ఎవరు? నాన్నగారు అటు వెళ్ళగానే ఇటు వీధి చివర హోటల్ రేడియో కింద నిలబడి, పల్లవి ఒకరోజు, చరణం ఒకరోజు మోసుకొచ్చి నా చెవిలో పోసింది ఎవరు? నేను దొడ్లో పాడుతూ దొరికిపోతే, "దీనికి ఇలాంటివి ఎక్కడ పట్టుబడతాయో నాన్నగారూ" అని తల ఊపింది ఎవరు? ఆ పాట రెండో చరణం నీకు ఇప్పటికీ వచ్చు. ఒట్టేసి రాదని రాయి.

మీ శ్రుతిపెట్టె


సెప్టెంబర్ 4

శ్రీమతి గాయనీమణి గారికి,

తమరి ఇంట మా అమ్మాయిని ఉంచినందుకు తగిన శాస్తి జరిగింది.

నిన్న సభ కార్యదర్శి నడివీధిలో నన్ను ఆపి, "మీ అమ్మాయి గొంతు కొత్త సినిమా పాటలో వస్తోందటగా, అభినందనలు" అన్నాడు. ఆ సినిమాకి వయొలిన్ వాయించినవాడు ఇతనికి తోడల్లుడట. పక్కన నా శిష్యులు నలుగురు. నేను గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎండా లేదు, వానా లేదు.

అయితే ఆ ఎక్కిళ్ళన్నీ నాటకమన్నమాట. నేను రాకుండా ఆపడానికి ముందే అల్లిన కథ. ఇక్కడ తండ్రి ముందు నోరు విప్పని పిల్ల అక్కడ మైకు ముందు పాడిందా? ఏ రాగం? ఎవరి పక్కన? ఎన్ని చరణాలు? నాకు తెలుసుకోవాలని లేదు. ఎత్తుగడ సమంలోనా, అరక్షరం తర్వాతా? అది కూడా నాకు అనవసరం. తిరుగు టపాలో రాయి.

ఇకపై మన మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండవు.

ఇట్లు,
ఆ పిల్ల తండ్రి


సెప్టెంబర్ 10

అన్నయ్యకు,

ఉత్తరాలు ఉండవన్నావు, తిరుగు టపాలో రాయమన్నావు. రెండోది పాటిస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను. జూలైలో ఒక సెలవు రోజున నాకు రికార్డింగు పడింది. దాన్ని ఇంట్లో ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. తీసుకెళ్ళి స్టూడియోలో ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టాను. అవును, గడప తొక్కించాను. తిట్టుకో, తర్వాత చదువు.

సినిమాలో అమ్మాయికి అబద్ధం ఆడినప్పుడల్లా ఎక్కిళ్ళు వస్తాయి. "నువ్వంటే నాకేం ఇష్టం లేదు" అని పాడుతుంది, వెంటనే ఒక ఎక్కిలి ఎక్కుతుంది. పాట మొత్తానికి పదకొండు ఎక్కిళ్ళు. పాడే ఆవిడ పాడుతూ ఎక్కబోతే మాట మింగుడు పడిపోతోంది. మా దగ్గర పాటా వాద్యాలూ అన్నీ ఒకే గదిలో, ఒకే ఊపున జరగాలి. ఒక్కరు తప్పితే నలభై మందిమీ మొదటికి రావాలి. అందుకని ఎక్కడానికి వేరే మనిషిని పెట్టారు. జంతువుల గొంతులు చేసే ఆయన. ఆయన ఎక్కితే బావిలో కప్ప పడ్డట్టుంది. పైగా ప్రతిసారీ ఎక్కడో అక్కడ పడుతోంది. మా సంగీత దర్శకుణ్ణి మేం పెన్సిలాయన అంటాం. పెన్సిలు చెవి మీదే పెట్టుకుని గదంతా వెతుకుతాడు. ఆ రోజు కోపంలో దాన్ని విరిచేశాడు.

అంతలో నా కొంగు ఎవరో లాగారు. "అత్తయ్యా, ఆయన అరక్షరం ముందే ఎక్కేస్తున్నారు" అంది మువ్వ.

అన్నయ్యా, అన్ని నెలల తర్వాత నీ కూతురు తాళం గురించి అన్న మొదటి మాట అది.

"ఎవరమ్మా ఆ మాటన్నది?" అన్నాడు పెన్సిలాయన. అది నా వెనక నక్కింది. నేను పక్కకి జరిగాను. అంతకంటే నేను చేసిన పాపం లేదు.

"ఏడో ఎక్కిలి ఎక్కడ పడాలో చెప్పు చూద్దాం."

"మాట అయ్యాక కాదండీ. రెండు దెబ్బలకీ మధ్యన, ఖాళీలో."

"చెప్పడం కాదు. ఎక్కు."

ఎక్కింది. పదకొండూ పదకొండు చోట్ల, మేకు దిగేసినట్టు. మీ బావ తబలా వాయించడం మర్చిపోయి చూస్తున్నాడు. తర్వాత పాడే ఆవిడకి నవ్వాగక నాలుగు టేకులు పోయాయి. వయొలిన్ల వాళ్ళ నవ్వుకి మూడు పోయాయి. నావల్ల రెండు. మూడింటికి కుదిరాక పెన్సిలాయన రెండు చేతులూ ఎత్తి దానికి దండం పెట్టాడు. నువ్వు అనుకున్న పెద్ద డాక్టరు ఆయనే.

తిరిగి వస్తూ బస్సులో, కిటికీ కడ్డీ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఏదో సన్నగా కూనిరాగం తీసింది. నేను అటు తిరిగి కూర్చున్నాను. చూస్తే ఆపేస్తుందని.

కాబట్టి రాగం లేదు, చరణాలు లేవు. నీ కూతురు పాడలేదు అన్నయ్యా. ఎక్కింది.

శ్రుతిపెట్టె


సెప్టెంబర్ 18

శ్రుతిపెట్టెకు,

ఎక్కిళ్ళా?

నాలుగు తరాల విద్య. నీళ్ళలో గొంతు దాకా నిలబడి సాధన చేసిన ముత్తాత. ఆయన మునిమనవరాలి కూతురు... కాదు, మునిమనవడి కూతురు. చూశావా, నాకు వావివరసలు కూడా తప్పుతున్నాయి. ఎక్కిళ్ళా!

సరే, అది అలా ఉంచు. ఇప్పుడు నేను పెద్ద చిక్కులో పడ్డాను. నీకు ఆ ఉత్తరం పోస్టు చేసి వస్తుంటే ఇంకొకాయన అభినందించాడు. మొహం చిట్లించి ఊరుకున్నాను. మర్నాడు మరొకాయన. సరే, పెద్దమనిషి, కాదనడమెందుకని తల ఊపాను. మూడో ఆయనకి నేనే ఎదురెళ్ళి చెప్పాను. "మావాళ్ళు సినిమాకి వెళ్ళినా శుద్ధ సంప్రదాయమే పాడతారు" అన్నాను. నాలుగో ఆయన ఏ రాగమండీ అంటే కల్యాణి అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

ఇప్పుడు సభవాళ్ళూ నా శిష్యులూ కలిసి ముప్ఫై ఎనిమిది మంది, సినిమా వచ్చిన మొదటి రోజే ఆ కల్యాణి వినడానికి నన్ను తీసుకెళ్తున్నారు. నా జన్మలో నేను సినిమా హాలు లోపల చూడలేదు. (నువ్వు నవ్వనక్కర్లేదు. ఆ ఒక్కసారి లెక్కలోకి రాదు.) నడిమి వరసలో నడిమి కుర్చీ నాకట. జ్వరమొచ్చిందని కబురు పంపమంటే మీ వదిన వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వుతోంది.

ఇప్పుడేం చేయను?

అన్నయ్య


సెప్టెంబర్ 23

అన్నయ్యా,

వెళ్ళు. జ్వరం అని మాత్రం చెప్పకు. అబద్ధం ఆడితే ఎక్కిళ్ళు వస్తాయి.

మీ బావ ఈ రోజు నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు. "కల్యాణి" దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తబలా మీద తల పెట్టేస్తున్నాడు. మువ్వకి చూపించలేదు. కానీ అది మా మొహాలు చూసి, "నాన్నగారు ఏదో చేశారు కదూ" అంది. ఆ అనడంలో నవ్వు ఉంది. అదీ నీకు చెప్దామని ఈ రెండు ముక్కలు.

శ్రుతిపెట్టె


అక్టోబర్ 14

చెల్లాయికి,

వెళ్ళాను.

నన్ను నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎడమ పక్క కార్యదర్శి, కుడి పక్క మృదంగం మాస్టారు, వెనక శిష్యులు. గంటన్నర గడిచాక ఆ పాట వచ్చింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. కార్యదర్శి కళ్ళు మూసుకున్నాడు, కల్యాణి వినడానికి.

మొదటి ఎక్కిలి పడింది. హాలంతా నవ్వింది. రెండోది పడింది. కార్యదర్శి ఒక కన్ను తెరిచి, "మరి అమ్మాయి గొంతు ఎప్పుడొస్తుందండీ?" అన్నాడు నా చెవిలో. నాకు చెమటలు. ఆ గుంపులో పాడే గొంతు అదేనని చెప్పి తప్పించుకుందామనుకున్నాను. నీ గొంతు చూపించి దాని గొంతు అందామనుకున్నాను, నిజంగా.

కానీ నాలుగోది వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేస్తోంది. ఐదు, ఆరు. చెల్లాయ్, అది తేలికైన లెక్క కాదు. పాట ముందుకి తోస్తుంటే ఎక్కిలి వెనక్కి ఆగాలి. ఏడోది పడవలసిన చోటు చూసి నేను ఊపిరి బిగబట్టాను. ఖాళీలో, సూది మొన మీద, పడింది. "భళా!" అని అరిచేశాను. లేచి నిలబడి అరిచానట. వెనక వరసలోంచి ఎవరో "కూర్చోవయ్యా పెద్దాయనా" అన్నారు. నేను కూర్చోలేదు. కార్యదర్శి వైపు తిరిగి, "ఆ ఎక్కిళ్ళే మా అమ్మాయివి. పదకొండూ దానివే. మిగతా నాలుగూ లెక్కపెట్టుకోండి" అన్నాను.

కార్యదర్శి రెండో కన్ను కూడా తెరిచాడు. తర్వాత మృదంగం మాస్టారు మెల్లగా అన్నాడు.

"ఆ రోజు కూడా అమ్మాయిదే సరి."

"ఏ రోజు?"

"ఏ రోజో నీకు తెలీదూ? అరక్షరం ముందు ఎత్తుకుంది నువ్వు. నేను నీ వెంట పరిగెత్తుకొచ్చి కప్పేశాను. అది ఉండాల్సిన చోటే ఉండిపోయింది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వు ఆగి అడిగావా?"

తెరమీద ఏం జరుగుతోందో ఆ తర్వాత నాకు తెలియదు.

నీకు అబద్ధం రాయను. ఆయన చెప్తే గానీ నాకు తెలియలేదని రాయవచ్చు. కానీ నాకు తెలుసు. పాట ఆపిన మరుక్షణమే తెలిసింది. అప్పటికే ఆ మాట అనేశాను. మూడొందల మంది ముందు అన్నది వెనక్కి తీసుకోవడానికి నాకు నోరు రాలేదు. ఇంటికి వెళ్ళాక చెప్దామనుకున్నాను. రేపు చెప్దామనుకున్నాను. ఏడాది కావస్తోంది.

మువ్వకి నువ్వు చెప్పు. నీ మాట వింటుంది. నేను తప్పు ఒప్పుకున్నానని, నీకు తోచిన మాటల్లో చెప్పు.

అన్నయ్య


అక్టోబర్ 21

అన్నయ్యా,

చెప్పను.

ముప్ఫై ఏళ్ళుగా ఇంకొకరి వెనకాల నిలబడి పాడుతున్నదాన్ని. ఎవరి గొంతుకి ఎక్కడ ఆసరా కావాలో నాకు తెలుసు. ఇక్కడ నీకు ఆసరా పనికిరాదు. ఇది నువ్వు ఒక్కడివే పాడాల్సిన పాట. నేను గుంపుదాన్ని కదా, నువ్వే అన్నావు.

ఉత్తరంలో కూడా వద్దు. వచ్చి, దాని ఎదురుగా కూర్చుని చెప్పు.

నువ్వు లేచి అరిచిన సంగతి చదివి నేను నవ్వాను. తర్వాత మిగతాది చదివి, కాసేపు దొడ్లోకి వెళ్ళి నిలబడ్డాను. మీ బావ దుప్పటి తీసి తబలా పక్కన పెట్టేశాడు.

ఇక్కడి సంగతులు. పెన్సిలాయన మువ్వని తుమ్ము కోసం పిలిచాడు. తర్వాత వెటకారం నవ్వు ఒకటి కావాలన్నాడు. అది కుదరదంది. "ఈసారి పాట ఉంటేనే వస్తానండీ" అందిట. నీ పొగరే. పొద్దున ఆరింటికి తలుపు దగ్గరకి వేసుకుని తంబురా మీటుతోంది. తలుపు అవతల నేను చీపురు పట్టుకుని నిలబడి ఉంటాను, ఊడవను.

బయల్దేరు.

శ్రుతిపెట్టె


నవంబర్ 12

శ్రుతిపెట్టెకు,

క్షేమంగా చేరాను. మువ్వతో నేను మాట్లాడిన సంగతి చుట్టాలందరికీ నీ వైపు నుంచి చెప్పేశావని తెలిసింది. నా వైపు నుంచి కూడా ఒకటి ఉండాలి కనుక రాస్తున్నాను.

మువ్వతో ఎలా మొదలుపెట్టాలో బండిలో నాలుగు రకాలుగా సాధన చేసుకున్నాను. మీ వంటింట్లో పీట మీద అది బఠాణీలు ఒలుస్తూ ఎదురుగా కూర్చుంటే నాలుగూ మర్చిపోయాను. "ఆ రోజు తప్పింది నేను" అన్నాను. అంతే వచ్చింది.

"తెలుసు నాన్నగారూ" అంది.

"తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదమ్మా?"

అది తల ఎత్తలేదు. "నోరు తెరిస్తే అనేస్తానని భయమేసింది. అందరిలో మీ పరువు పోతుందని. అందుకే అసలు తెరవలేదు" అంది.

నువ్వు తలుపు వెనక ఉన్నావని నాకు తెలుసు. నువ్వు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అయినా నువ్వు ఆ మాట సరిగా విన్నావో లేదో అని మళ్ళీ రాస్తున్నాను. మా పిల్ల అలిగి కూర్చుందని నేను ఏడాది పాటు అనుకున్నాను. అది నన్ను కాపాడుతూ కూర్చుంది.

నేను బఠాణీలు ఒలవడంలో సాయం చేశాను. ఎక్కువ నేల మీదే పడ్డాయి.

వచ్చే నెల సభలో మళ్ళీ నా కచేరీ. మువ్వ సెలవు పెట్టి వస్తానంది. ఈసారి నా వెనక కాదు, పక్కన కూర్చుంటుంది. మొదలుపెట్టే ముందు ఆ రోజు సంగతి ఆ మూడొందల మందికీ నేనే చెప్తాను. కార్యదర్శి వద్దన్నాడు. చెప్తానన్నాను. తర్వాత మళ్ళీ మీ దగ్గరికే వస్తుందిట, చదువుకి. పెన్సిలాయన దగ్గర పాట ఉంటే పాడుతుందిట కూడా. సరే అన్నాను. అనక చేసేదేముంది?

ఇక స్టూడియో సంగతి. నేను గడప బయటే నిలబడతానన్నాను. లోపల కుర్చీ ఖాళీగా ఉందని మీ బావే లాక్కెళ్ళాడు. ఎవరి జోలికీ పోకుండా ఒక మూల కూర్చున్నాను. ఆ పెన్సిలాయన నేరుగా నా దగ్గరికొచ్చి, "తాతగారూ, పాట మధ్యలో ఒక ముసలాయన దగ్గుతాడు, కాస్త దగ్గుతారా?" అన్నాడు. తాతగారు! యాభై అయిదేళ్ళ మనిషిని! నేనెవరో చెప్దామని గొంతు సవరించుకున్నాను. "ఆహా, ఇదే, ఇదే" అని ఆయన మైకు జరిపాడు. మువ్వ వెనక నుంచి నన్ను ముందుకి తోసింది. నువ్వు నోట్లో కొంగు కుక్కుకున్నావు. నలభై మంది ఎదురుచూస్తున్నారు. నా కోసం అంతమందినీ ఆపడం మర్యాద కాదని దగ్గాను. కేవలం మర్యాద కోసం.

ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియకూడదు. మీ వదినకి అసలు తెలియకూడదు.

ఒక్క విషయం మాత్రం దారంతా ఆలోచిస్తూ వచ్చాను. ఆ దగ్గు శ్రుతికి ఒక వీసం కింద పడింది. అప్పుడే గుర్తించాను, మొహమాటానికి ఊరుకున్నాను. నలుగురూ వినే పాటలో అలాంటిది ఉండిపోవడం నాకు తృప్తిగా లేదు. పెన్సిలాయనతో, నేను అడిగానని కాకుండా, మాటల్లో మాటగా అను. ఇంకొక టేకు తీసుకునే ఉద్దేశముంటే, వచ్చే బుధవారం నాకు ఖాళీయే.

మీ అన్నయ్య